పది గళ్ళు, నూటికి డెబ్బై ఐదు: కూపర్స్‌టౌన్ ఓటు మీద ప్రసంగం

అందరికీ నమస్కారం. మీ కుర్చీల మీద ఒక్కో కాగితం పెట్టి ఉంది. దానిమీద 27 పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో గడి. గొప్ప ఆటగాళ్ళకి శాశ్వత స్థానమిచ్చే, కూపర్స్‌టౌన్ ఊళ్ళోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి 2026 జనవరిలో ఫలితం వచ్చిన ఎన్నికలో రచయితల ముందుకు వెళ్ళిన పేర్లే అవి. ఇప్పుడే టిక్కులు పెట్టకండి. పెన్నుకి మూత ఉంచండి. చివర్లో పెడదాం.

చలికాలం వస్తే అమెరికాలో బేస్‌బాల్ మైదానాలు మూతబడతాయి, వాదనలు తెరుచుకుంటాయి. ఆ వాదనల్లో ఎక్కువ భాగం ఒకే చోట దారి తప్పుతుంది. "అతను గొప్ప ఆటగాడేనా?" అన్నది ఒక ప్రశ్న. "ఈ ఏడాది నా చేతిలో ఉన్న పది ఓట్లలో ఒకటి అతనికి వేయాలా?" అన్నది ఇంకో ప్రశ్న. ఓటరు జవాబు చెప్పాల్సింది రెండోదానికి. జనం గొంతు చించుకునేది మొదటిదాని గురించి. అందుకే ముందు లెక్క, తర్వాతే ఆటగాళ్ళు.

ఓటు ఎవరిది? అమెరికా బేస్‌బాల్ రచయితల సంఘంలో వరసగా పదేళ్ళు సభ్యత్వం ఉన్నవాళ్ళది. ఆటగాడికి కనీసం పది సీజన్ల అనుభవం ఉండాలి, ఆట మానేసి ఐదేళ్ళు గడవాలి. ఒక ఓటరు పది పేర్లకు మించి గుర్తు పెట్టకూడదు. వచ్చిన బ్యాలట్లలో 75 శాతం మీద పేరుంటే ఎన్నికైనట్టు. 5 శాతం కూడా రాకపోతే ఆ పేరు మళ్ళీ రచయితల ముందుకు రాదు. ఈ రెంటికీ మధ్య ఉన్నవాళ్ళకి పదేళ్ళ గడువు. 2014 దాకా అది పదిహేనేళ్ళు ఉండేది.

ఇక్కడ శాతాన్ని పై అంకెకు సవరించడం అనేది లేదు. 1985లో నెల్లీ ఫాక్స్‌కి 395 బ్యాలట్లలో 295 ఓట్లు వచ్చాయి. 74.7 శాతం. మన ఇళ్ళల్లో మార్కుల లెక్కయితే 75 అని రాసుకుంటాం. అక్కడ మాత్రం 297 కావాలి, రెండు తక్కువయ్యాయి, అంతే. అది ఆయనకు ఆఖరి ఏడాది. 1997లో, రచయితల గడువు దాటినవాళ్ళని చూసే వెటరన్స్ కమిటీ ద్వారా లోపలికి వెళ్ళేసరికి ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. 2014లో క్రెయిగ్ బిజియోకీ అదే రెండు ఓట్ల దెబ్బ: 571లో 427. 3,060 హిట్లు (బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరడం) కొట్టిన మనిషి ఇంకో ఏడాది ఆగాల్సి వచ్చింది.

మరో సంగతి. ఎవరి పేరూ గుర్తు పెట్టకుండా సంతకం చేసి పంపిన ఖాళీ బ్యాలట్ కూడా మొత్తం లెక్కలోకి వస్తుంది. అంటే అది అందరికీ వ్యతిరేకంగా వేసిన ఓటు. 2021లో అలాంటివి 14 వచ్చాయి. మొత్తం 401 కాబట్టి 301 కావాలి, కర్ట్ షిల్లింగ్‌కి 285 వచ్చాయి. ఖాళీ బ్యాలట్లే కొంప ముంచాయని అప్పట్లో చాలామంది అన్నారు. తీసేసి చూడండి: 387లో 75 శాతం అంటే 291. అప్పుడూ తక్కువే. కోపం వచ్చినప్పుడు ఇలాంటి కూడికలు ఎవరూ చేయరు.

ఇక ఆ పది పేర్ల పరిమితి. మామూలు ఏడాదుల్లో అది ఎవరికీ అడ్డం రాదు. 2013లో వచ్చింది. ఆ ఏడాది మొదటిసారి జాబితాలోకి వచ్చినవాళ్ళెవరో చూడండి: బ్యారీ బాండ్స్, రోజర్ క్లెమెన్స్, మైక్ పియాజా, బిజియో, షిల్లింగ్, శామీ సోసా. అప్పటికే ఉన్నవాళ్ళలో టిమ్ రెయిన్స్, జెఫ్ బ్యాగ్‌వెల్, లారీ వాకర్, ఎడ్గార్ మార్టినెజ్. ఆ తొక్కిసలాటలో కెన్నీ లాఫ్టన్ నలిగిపోయాడు. సెంటర్ ఫీల్డర్, 622 స్టీల్స్, అంటే బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ పట్టేయడం. ఆయనకు వచ్చింది 3.2 శాతం. ఒక్క ఏడాదితో జాబితా నుంచి ఔట్. విచిత్రమేమంటే ఆ ఏడాది రచయితలు ఒక్కరినీ ఎన్నుకోలేదు. అన్నం గిన్నె నిండుగా ఉంది, పంక్తిలో ఎవరి విస్తట్లోనూ మెతుకు పడలేదు.

అందుకే లెక్క తెలిసిన ఓటరు పది మందికి మించి అర్హులు కనిపించినప్పుడు రెండు పనులు చేస్తాడు. ఎలాగూ 90 శాతం దాటుతాడని తెలిసిన పేరును వదిలేసి, 5 శాతం దగ్గర ఊగిసలాడే పేరుకు ఆ ఓటు ఇస్తాడు. లేదా పదో ఏడాదిలో ఉన్నవాడికి ఇస్తాడు. ఏకగ్రీవాలు అంత అరుదు కావడానికి ఇదొక్కటే కారణమని చెప్పను, శుద్ధ మొండితనం కూడా ఉంది. 1936 తొలి ఎన్నికలో 226 మందిలో 11 మంది బేబ్ రూత్ పేరు రాయలేదు. రూత్‌ని మొదటి పది మందిలో చేర్చకపోవడాన్ని ఏ తొక్కిసలాట పేరు చెప్పి సమర్థిస్తాం? ఇప్పటిదాకా నూటికి నూరు వచ్చింది ఒక్కరికే: 2019లో మరియానో రివెరా, 425కి 425. మరుసటి ఏడాది డెరెక్ జీటర్‌కి ఒక్క ఓటు తగ్గింది. 2025లో ఇచిరో సుజుకికీ ఒక్కటే, 394లో 393.

సరే, అర్హత దగ్గరికి వద్దాం. అందరూ మొదట పట్టుకునే కొలబద్ద చాలా చెడ్డది. "హెరాల్డ్ బెయిన్స్ లోపల ఉన్నాడు కదా, మరి మావాడెందుకు ఉండకూడదు?" బెయిన్స్‌కి రచయితల ఓటింగులో ఎప్పుడూ 6.1 శాతం దాటలేదు. 2018 డిసెంబరులో 16 మంది కమిటీ ఒకటి 12 ఓట్లతో సరిగ్గా గీత దాటించింది. ఆయనకు సమానమైన వాళ్ళందరినీ చేర్చుకుంటూ పోతే కూపర్స్‌టౌన్‌లో గోడలు చాలవు. 1970ల్లో ఫ్రాంకీ ఫ్రిష్ వెటరన్స్ కమిటీలో చక్రం తిప్పినప్పుడు ఆయనతో పాటు జెయింట్స్‌లో, కార్డినల్స్‌లో ఆడిన పాత మిత్రులు వరసగా లోపలికి వెళ్ళారు: జెస్సీ హెయిన్స్, చిక్ హేఫీ, జార్జ్ కెల్లీ. వాళ్ళని చూపించి ఇప్పుడు అర్హత నిర్ణయిస్తే, ఒక తప్పును చట్టం చేసినట్టే. పోల్చాల్సింది గుమ్మం దగ్గర నిలబడ్డవాడితో కాదు, అదే స్థానంలో ఆడి లోపలున్న వాళ్ళ సగటుతో.

ఆ పోలికకు ఇప్పుడు ఎక్కువగా వాడేది వార్. మైనర్ లీగు నుంచి ఎప్పుడంటే అప్పుడు పిలిపించుకోగలిగే ఓ మోస్తరు ఆటగాడిని అక్కడ నిలబెడితే వచ్చే గెలుపుల కంటే, ఈ ఆటగాడి వల్ల ఎన్ని ఎక్కువ వచ్చాయన్నదే ఆ అంకె. బ్యాటింగు, బేస్‌ల మధ్య పరుగు, ఫీల్డింగు, ఆడే స్థానం ఎంత కష్టమైంది అన్నవన్నీ పరుగులుగా మార్చి, సుమారు పది పరుగులకు ఒక గెలుపు చొప్పున కడతారు. జే జాఫీ అనే రచయిత దీని మీద జాస్ అనే పద్ధతి కట్టాడు: మొత్తం కెరీర్ వార్ ఒకటి, అత్యుత్తమమైన ఏడు సీజన్ల వార్ ఒకటి, ఈ రెంటి సగటు. ఎందుకు రెండు? ఇరవై ఏళ్ళు నెమ్మదిగా పోగేసినవాడికీ, ఏడేళ్ళు మెరుపులా మెరిసి ఆగిపోయినవాడికీ ఒకే బల్ల మీద చోటు దొరకాలని. క్రికెట్‌లో మనం లక్ష్మణ్ గురించి వాదించుకునేది కూడా ఇదే కదా. 8,781 టెస్టు పరుగులు, 17 సెంచరీలు అని ఒకరంటారు. అంకెలెందుకు, 2001 కోల్‌కతా చాలదా అని ఇంకొకరంటారు. మొదటివారిది పోగు, రెండోవారిది శిఖరం.

వార్‌ని గుడ్డిగా నమ్మడం కూడా ప్రమాదమే. రెండు ప్రసిద్ధ లెక్కలున్నాయి. పిచర్ల (బంతి విసిరేవాళ్ళ) విషయంలో ఒకటి ఇచ్చిన పరుగుల నుంచి మొదలుపెడుతుంది, రెండోది స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ ఔట్), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా ఫస్ట్ బేస్), హోమ్ రన్‌ల నుంచి. ఒకే మనిషికి రెండు చోట్ల వేర్వేరు అంకెలు రావడం మామూలే. పాత కాలపు ఫీల్డింగు అంకె కొలత కాదు, అంచనా. కాబట్టి 64కీ 66కీ తేడా ఉందని వాదించేవాడికి ఆ అంకె ఎలా పుట్టిందో తెలియదని అర్థం. 64కీ 44కీ తేడా ఉంది, అది నిజం.

ఇప్పుడు ఇద్దరు సెకండ్ బేస్‌మన్‌లని దగ్గర పెట్టి చూద్దాం. మీ కాగితంలో ఒకరే ఉన్నారు, చేజ్ అట్లీ. రెండో ఆయన జెఫ్ కెంట్, 2025 డిసెంబరులో కమిటీ 16కి 14 ఓట్లతో ఎన్నుకుంది. కెంట్‌వి కంటికి కనిపించే అంకెలు: 377 హోమ్ రన్‌లు, అందులో 351 సెకండ్ బేస్‌మన్‌గా కొట్టినవి, ఆ స్థానంలో అదే రికార్డు. 2,461 హిట్లు. 2000లో ఎంవీపీ, అంటే లీగులో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు. అట్లీవి 259 హోమ్ రన్‌లు, 1,885 హిట్లు. ఎంవీపీ లేదు. ఫీల్డింగుకి ఇచ్చే గోల్డ్ గ్లవ్ ఒక్కటి కూడా లేదు. వరసగా రాసుకుంటే కెంట్ ముందున్నట్టే ఉంటుంది. వార్‌లో మాత్రం కెంట్ సుమారు 55, అట్లీ 64 పైన.

ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? మొదటిది, స్టీల్స్. అట్లీ 176 సార్లు ప్రయత్నించి 154 సార్లు గెలిచాడు. 87.5 శాతం. స్టీల్‌లో దొరికిపోతే జరిగే నష్టం, దొరకకపోతే వచ్చే లాభానికి రెండింతలకు పైనే ఉంటుంది, కాబట్టి 70 శాతం దగ్గర ఆడేవాడు జట్టుకు పెద్దగా చేసేదేమీ లేదు. అట్లీ 22 సార్లే దొరికాడు. రెండోది, బంతి ఒంటికి తగిలించుకుని బేస్ ఎక్కడం, 204 సార్లు. స్కోర్ పుస్తకంలో అది హిట్ కాదు, కానీ ఫస్ట్ బేస్ మీద మనిషి ఉంటాడు, ఔట్ పడదు. మూడోది ఫీల్డింగు. సరైన చోట నిలబడి, మిగతావాళ్ళకి అందని గ్రౌండ్ బాల్స్ అందుకున్నాడు. చేతులు అందంగా కదలవు కాబట్టి గోల్డ్ గ్లవ్ ఇచ్చేవాళ్ళ కంట పడలేదు. 2005 నుంచి 2009 దాకా ఐదు సీజన్లు, ప్రతి సీజన్లోనూ ఏడు వార్ దాటాడు. జాస్ ప్రకారం చూస్తే లోపలున్న సెకండ్ బేస్‌మన్‌ల సగటు మీదే కూర్చున్నాడు.

అడ్డం ఒక్కటే, 2,000 హిట్లు లేకపోవడం. 26 ఏళ్ళు వచ్చేదాకా పూర్తి సీజన్ ఆడే చోటు దొరకలేదు, 30 దాటాక మోకాళ్ళు మొరాయించాయి. 2,000 అన్నది ఎక్కడా రాసి ఉన్న నియమం కాదు, ఓటర్ల అలవాటు. ఆ అలవాటు ఇప్పుడు వదులుతోంది: 2026లో 78.4 శాతంతో ఎన్నికైన ఆండ్రూ జోన్స్‌కి 1,933 హిట్లే. 2018లో మొదటిసారి వచ్చినప్పుడు జోన్స్‌కి 7.3 శాతం, ఇంకాస్త తగ్గితే లాఫ్టన్ దారే. అట్లీ మొదటి ఏడాది 28.8, తర్వాత 39.8, ఇప్పుడు 59.1. నా ఉద్దేశంలో ఆయనకు ఓటు పడాలి. ఎక్కువ ఆలోచించాల్సిన కేసు కూడా కాదు.

ఆలోచించాల్సింది ఫెలిక్స్ హెర్నాండెజ్ గురించి.

పిచర్‌ని గెలుపోటములతో కొలవడం ఎంత తప్పో చూపించాలంటే ఆయన 2010 సీజన్ ఒక్కటి చాలు. 249కి పైగా ఇన్నింగ్స్, 232 స్ట్రైకౌట్లు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి తన లెక్కలో ఇచ్చిన పరుగుల సగటు) 2.27. రికార్డు మాత్రం 13 గెలుపులు, 12 ఓటములు. ఆయన వెనక సియాటిల్ జట్టు పరుగులు చేయలేకపోయింది. ఓటర్లు అది గ్రహించి, ఏడాదిలో మేటి పిచర్‌కి ఒక పాతకాలపు పిచర్ పేరిట ఇచ్చే సై యంగ్ అవార్డు ఆయనకే ఇచ్చారు. 2012 ఆగస్టు 15న పర్‌ఫెక్ట్ గేమ్, అంటే ప్రత్యర్థుల్లో ఒక్కరూ బేస్ ఎక్కని ఆట. ఇంతవరకూ బాగుంది. కానీ 19 ఏళ్ళకే పెద్ద లీగులో పడిన ఆ చెయ్యి 29 దాటాక మళ్ళీ పాత రూపానికి రాలేదు. మొత్తం 169 గెలుపులు, 136 ఓటములు, 2,524 స్ట్రైకౌట్లు, వార్ 50కి అటూ ఇటూ. లోపలున్న స్టార్టింగ్ పిచర్ల సగటు 70 పైమాటే.

ఇక్కడ కొలబద్దలోనే లోపం ఉంది. ఆ సగటులో సై యంగ్ లాంటివాళ్ళున్నారు, 511 గెలుపులు, 7,356 ఇన్నింగ్స్. నాలుగు రోజులకోసారి వచ్చి తొమ్మిది ఇన్నింగ్స్ వేసి వెళ్ళే కాలం అది. ఇప్పుడు ఐదు రోజులకోసారి, అదీ ఐదారు ఇన్నింగ్స్. 2024లో రెండు లీగుల్లోనూ కలిపి 200 ఇన్నింగ్స్ వేసినవాళ్ళు నలుగురు. ఈ లెక్కన 70 వార్ అని గీత గీసుకుని కూర్చుంటే, ముందు ముందు పిచర్ అన్నవాడు లోపలికి పోలేడు. గీత దించాలి. ఎంతకి దించాలి అన్నదే అసలు తగువు.

కొందరు శాండీ కోఫాక్స్‌ని తెస్తారు. ఆయనవీ 165 గెలుపులే, 30కే ఆట మానేశాడు, 1972లో 86.9 శాతంతో ఎన్నికయ్యాడు. పోలిక వినడానికి బాగుంటుంది. కోఫాక్స్ మూడు సై యంగ్‌లు గెలిచింది రెండు లీగులకీ కలిపి ఒకే అవార్డు ఇచ్చే రోజుల్లో. 1962 నుంచి 1966 దాకా ఐదేళ్ళూ తన లీగులో ఈఆర్ఏ అగ్రస్థానం ఆయనదే. ఫెలిక్స్ శిఖరం ఎత్తైనదే కానీ అంత ఎత్తు కాదు. ఇంకా సరైన పోలిక యోహాన్ సాంటానా: రెండు సై యంగ్‌లు, 139 గెలుపులు, 78 ఓటములు. 2018లో 2.4 శాతంతో ఒక్క ఏడాదికే జాబితా నుంచి పోయాడు. అదే ఓటర్ల సంఘం 2026లో ఫెలిక్స్‌కి 46.1 శాతం ఇచ్చింది. మొదటి ఏడాది 20.6 నుంచి ఒక్క గెంతులో. ఎనిమిదేళ్ళలో మారింది పిచర్లు కాదు, వాళ్ళని చూసే కన్ను. సాంటానా తొందరపడి ముందు రిటైరయ్యాడు, అదీ ఆయన చేసిన నేరం.

మైదానం సంగతి కూడా రెండు మాటల్లో. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. పలచటి గాలిలో బంతి దూరం పోతుంది, కర్వ్ బాల్ సరిగా తిరగదు. అక్కడి జట్టుకు ఆడిన టాడ్ హెల్టన్ బ్యాటింగు సగటు సొంత మైదానంలో .345, బయట .287. అయితే బయటి అంకె కూడా అసలు అంకె కాదు. తిరగని బంతికి అలవాటుపడిన కన్ను వేరే ఊళ్ళో తిరిగే బంతికి తడబడుతుంది. కాబట్టి సొంత మైదానం అంకెల్ని కొట్టేసి బయటివే చూస్తామనేవాళ్ళు ఆటగాడిని రెండుసార్లు శిక్షిస్తున్నారు. మైదానాన్ని బట్టి సవరించిన బ్యాటింగు అంకె చూడాలి: అదే జట్టుకు ఆడిన లారీ వాకర్‌ది 141, అంటే లీగు సగటు కంటే 41 శాతం మెరుగు. 2014లో 10.2 శాతం దగ్గరున్న వాకర్ 2020లో, ఆఖరి ఏడాది, ఆరు ఓట్ల తేడాతో గట్టెక్కాడు.

ఇక అందరూ ఎదురుచూస్తున్న గొడవ: బలం పెంచే డ్రగ్స్. ఓటింగు నియమాల్లో ఆట రికార్డుతో పాటు నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, నడవడి అనే మాటలున్నాయి. బాండ్స్‌కి 762 హోమ్ రన్‌లు, ఏడు ఎంవీపీలు. క్లెమెన్స్‌కి 354 గెలుపులు, ఏడు సై యంగ్‌లు. 2022లో పదో ఏడాది బాండ్స్ 66 శాతం, క్లెమెన్స్ 65.2 దగ్గర ఆగిపోయారు. డ్రగ్స్ పరీక్షలకు శిక్షలు మొదలైంది 2004లో. ఈ ఇద్దరిలా ఆరోపణలు మాత్రమే ఉన్నవాళ్ళు ఒక రకం, నియమం వచ్చాక పట్టుబడి సస్పెండైన వాళ్ళు ఇంకో రకం అని గీత గీసేవాళ్ళున్నారు. మ్యానీ రమిరెజ్, అలెక్స్ రోడ్రిగెజ్ రెండో రకం. 2026లో ఇద్దరికీ 40 శాతం దగ్గరే వచ్చాయి, మ్యానీకి గడువు కూడా అయిపోయింది. ఆ గీత నాకు సబబుగానే తోస్తుంది. తోచనిది ఏమిటంటే, ఆ కాలమంతా బేస్‌బాల్ కమిషనర్‌గా ఉన్న బడ్ సీలిగ్‌ని 2016 డిసెంబరులో కమిటీ హాయిగా ఎన్నుకోవడం. బంతికి తడి పూసి వేసేవాడినని తానే చెప్పుకున్న గేలార్డ్ పెర్రీ 1991 నుంచి లోపలున్నాడు. నల్లజాతి ఆటగాళ్ళతో ఆడనని మొరాయించిన క్యాప్ ఆన్సన్ 1939 నుంచి ఉన్నాడు. నడవడి అనే తక్కెడ తీసేవాళ్ళు అందరినీ అందులో తూయాలి.

కార్లోస్ బెల్ట్రాన్ సంగతి వేరు. 435 హోమ్ రన్‌లు, 312 స్టీల్స్. 2017 హ్యూస్టన్ జట్టు కెమెరాతో క్యాచర్ సైగలు దొంగిలించి చెత్తడబ్బా మోగించి బ్యాటర్‌కి చెప్పిన వ్యవహారంలో, 2020 నివేదిక పేరు పెట్టి చెప్పిన ఆటగాడు ఆయన ఒక్కడే. ఓటర్లు మూడేళ్ళు ఆపి నాలుగో ఏడాది 84.2 శాతంతో పంపారు. ఇలా కొన్నేళ్ళు ఆపి పంపడం గురించి నియమాల్లో ఎక్కడా లేదు. కొన్నాళ్ళు జైల్లో ఉంచి వదిలినట్టు చేశారు.

రచయితల గడువు దాటినవాళ్ళకి ఇంకో ద్వారం, కమిటీ. 16 మంది సభ్యులు, 8 పేర్లు, ఒక్కొక్కరికి మూడేసి ఓట్లు, 12 వస్తే గెలుపు. మొత్తం 48 ఓట్లు, అంటే అన్నీ సరిగ్గా అమరినా నలుగురికి మించి వెళ్ళలేరు. ఎనిమిది మందీ బలమైనవాళ్ళయితే ఓట్లు చీలి ఒకరో సున్నానో మిగులుతారు. 2025 డిసెంబరులో బాండ్స్‌కి, క్లెమెన్స్‌కి ఐదు కూడా రాలేదు. కొత్త నియమం ప్రకారం ఐదు రానివాడు వచ్చే విడతకు పనికిరాడు, రెండోసారీ రాకపోతే ఇక ఎప్పటికీ రాడు. బేస్‌బాల్ మీద పందేలు కాసి నిషేధానికి గురైన పీట్ రోజ్, 4,256 హిట్ల మనిషి, 2024లో పోయాడు. చనిపోయినవాళ్ళ మీద నిషేధం ఉండదని 2025 మేలో కమిషనర్ నిర్ణయించడంతో ఆయన పేరు 2027 డిసెంబరులో ఇలాంటి కమిటీ ముందుకే రావచ్చు.

సరే, పెన్నుల మూతలు తీయండి. పది దాటితే మీ కాగితం చెల్లదు. తొమ్మిదైనా, రెండైనా మీ ఇష్టం. ఫెలిక్స్ దగ్గర ఆగిపోయినవాళ్ళు పక్కవాళ్ళ కాగితంలోకి చూడకండి. సంతకం మరిచిపోవద్దు. ఎవరికీ వేయబుద్ధి కాకపోతే ఖాళీ కాగితమే ఇవ్వండి, కానీ దాన్నీ ఈ డబ్బాలోనే వేయాలి. లెక్కపెట్టేటప్పుడు దాన్ని కూడా కలిపే భాగిస్తాం.